పటం మీద మన ఊరి పేరు

కవిటి అనే ఊరి పేరును ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, మన ప్రాంతం ఎన్నడూ చూడని తెలుగువారెవరి చేతనైనా చదివించండి. ఒకరు ‘కవితి’ అంటారు. ఇంకొకరు ‘కావిటి’ అంటారు. ఉన్నదున్నట్టు ‘కవిటి’ అనేవారు తగిలితే మీ అదృష్టం. ఇందులో చదివినవారి తప్పేమీ లేదు. ఇంగ్లీషు లిపిలో టకారానికీ తకారానికీ ఒక్కటే అక్షరం. డకారానికీ దకారానికీ ఒక్కటే, లకారానికీ ళకారానికీ ఒక్కటే. హ్రస్వమో దీర్ఘమో తెలిపే గుర్తు ఉండదు. అందుచేత టెక్కలి ‘తెక్కలి’ కావచ్చు, మందస ‘మండస’ కావచ్చు, కొత్తూరు ‘కొట్టూరు’ కావచ్చు.

పేరు కాస్త తప్పు పలికితే ఏం మునిగిపోయిందని అడుగుతారేమో. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను మన పలాస దగ్గరే తీరం దాటింది. అప్పుడు గాలివేగం గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు. ఉద్దానంలో కొబ్బరి తోటలూ జీడిమామిడి తోటలూ నేలకూలాయి. కరెంటు స్తంభాలు ఒరిగిపోయాయి. అటువంటి రోజుల్లో సాయానికి వచ్చేవారందరూ మన ఊళ్ళు ఎరిగినవారై ఉండరు. ఫోనులో మనం చెప్పే పేరు ఒకటి, వారి చేతిలోని పటంలో వారు చదువుకొనే పేరు ఇంకొకటి అయితే, మంచినీళ్ళ ట్యాంకరు ఒక ఊరికి బయలుదేరి మరో ఊరు చేరగలదు. కాబట్టి పటం మీద తెలుగులో పేరు ఉండాలని కోరడానికి భాషాభిమానం ఒక్కటే కారణమనుకోకండి. తెలుగు అక్షరాల్లో ఉన్న సమాచారం ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు కొంత జారిపోతుంది. జారిపోయినదాన్ని ఆ ఇంగ్లీషు పేరులోంచి మళ్ళీ రాబట్టలేము.

మరి కంప్యూటరు పటాల మీద తెలుగు పేర్లు అంత అరుదుగా ఎందుకు కనబడేవి? కారణాలు కొన్ని ఉన్నాయి గాని, వాటిలో ఒకటి చాలా చిత్రమైనది. పటాలు గీసే సాఫ్ట్‌వేరులలో పేరు పొందినదొకటి ఉంది. దానికి ఎన్నో ఏళ్ళపాటు తెలుగు రాయడం చేతకాలేదు! 2015లో వచ్చిన కొత్త కూర్పుతో అది ఆ విద్య నేర్చుకుంది. ఎలా నేర్చుకుందో తెలుసుకోవాలంటే, ముందు అది పటం ఎలా గీస్తుందో చూడాలి.

పటాలు వండే వంటశాల

ఆ సాఫ్ట్‌వేరు పేరు మ్యాప్‌సర్వర్. 1990ల మధ్యకాలంలో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో, నాసా సహకారంతోనూ ఆ రాష్ట్రపు సహజ వనరుల శాఖ సహకారంతోనూ జరిగిన ఒక అటవీ పరిశోధనలో ఇది పుట్టింది. దీని ప్రోగ్రామును ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, విప్పి చూడవచ్చు, మార్చుకోవచ్చు. వేర్వేరు దేశాల ప్రోగ్రామర్లు కలిసి దీన్ని మెరుగు పరుస్తూ ఉంటారు. ఒక దఫా మెరుగులన్నీ పూర్తి అయినప్పుడు కొత్త అంకె వేసి విడుదల చేస్తారు. 2007లో 5.0, 2015లో 7.0, 2022లో 8.0 అలా వచ్చినవే.

అచ్చు పటం ఒకసారి గీసి అచ్చువేస్తే అంతే. మ్యాప్‌సర్వర్ పద్ధతి వేరు. దాని దగ్గర గీసిపెట్టిన పటం ఉండదు, పటానికి కావలసిన సరుకులు మాత్రమే ఉంటాయి. తీరరేఖ ఒక ఫైలు, రోడ్లు ఒక ఫైలు, రైలుమార్గం ఒకటి, చెరువులు ఒకటి, ఊళ్ళు ఒకటి. వీటిని పొరలు అంటారు. పలుచని ట్రేసింగు కాగితాల మీద విడివిడిగా గీసి ఒకదానిమీద ఒకటి పరిచినట్టు ఊహించుకోండి. ఏ పొరకు ఏ రంగు, ఏ గీత ఎంత మందం అన్నది ఇంకో చిన్న ఫైలులో రాసి ఉంటుంది. మన ఫోను నుంచో కంప్యూటరు నుంచో అడిగినప్పుడు, అప్పటికప్పుడు పటం వండి వడ్డిస్తుంది.

అడగడానికి ఒక పద్ధతి ఉంది. ఉదాహరణకు ఇలా అడుగుతామనుకోండి: పడమటి అంచు 84.3 డిగ్రీల రేఖాంశం, తూర్పు అంచు 84.6. దక్షిణపు అంచు 18.6 డిగ్రీల అక్షాంశం, ఉత్తరపు అంచు 18.9. బొమ్మ వెడల్పు 600 చుక్కలు, ఎత్తు 600 చుక్కలు. తీరం, రోడ్లు, ఊళ్ళు అనే పొరలు చాలు.

ఇక లెక్క మీరే చేయవచ్చు. ఒక డిగ్రీ అక్షాంశం సుమారు 111 కిలోమీటర్లు గదా. 0.3 డిగ్రీలు అంటే 33 కిలోమీటర్లు. దాన్ని 600 చుక్కల్లో సర్దాలి కాబట్టి ఒక్కొక్క చుక్క ఉత్తర దక్షిణాలుగా 55 మీటర్ల నేలకు సమానం. హైస్కూలు ఆటస్థలం ఒకటి రెండు చుక్కల్లో ఇమిడిపోతుంది. పలాస ఇంచుమించు 18.77 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 84.42 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. ఎడమ అంచు నుంచి 0.12 డిగ్రీలు, అంటే 240వ చుక్క. పై అంచు నుంచి 0.13 డిగ్రీలు, అంటే 260వ చుక్క. సాఫ్ట్‌వేరు అక్కడ ఒక గుర్తు పెడుతుంది. టెక్కలి 84.3కు పడమటనే ఉండిపోయింది కాబట్టి ఈ చట్రంలో పడదు.

ఇక్కడ ఒక తమాషా చెప్పాలి. ఇలా అడిగే పద్ధతికి అంతర్జాతీయ ప్రమాణం ఉంది. మొదట్లో దాని ప్రకారం రేఖాంశం ముందు చెప్పి అక్షాంశం తరవాత చెప్పేవారు. 2004లో వచ్చిన 1.3.0 ప్రమాణంలో, మామూలు అక్షాంశ రేఖాంశాలతో అడిగేటప్పుడు ఆ వరస తారుమారయింది. పాత అలవాటుతో అడిగితే ఏమవుతుంది? పలాసకు బదులు 84 డిగ్రీల అక్షాంశం, 18 డిగ్రీల రేఖాంశం దగ్గరికి పోతాం. గ్లోబు తీసి చూడండి. ఉత్తర ధ్రువానికి సుమారు 620 కిలోమీటర్ల దూరంలో, ఆర్కిటిక్ సముద్రపు మంచులో తేలతాం!

తొమ్మిది అంకెల కాశీబుగ్గ

గుర్తు పెట్టడం సులువే. దాని పక్కన పేరు రాయడం దగ్గరనే చిక్కు వచ్చింది.

కంప్యూటరుకు అక్షరాలు తెలియవు, అంకెలు మాత్రమే తెలుసు. అందుకని ప్రపంచంలోని లిపులన్నిటికీ అంకెలు కేటాయించారు. ఈ ఏర్పాటుకు యూనికోడ్ అని పేరు. అందులో తెలుగుకు 3072 నుంచి 3199 వరకు 128 గళ్ళు ఇచ్చారు. కకారానికి 3093, గకారానికి 3095, బకారానికి 3116. అయితే అన్ని గుణింతాలకూ, అన్ని ఒత్తులకూ విడివిడిగా అంకెలు ఇవ్వలేదు. ఇస్తే వేలల్లో గళ్ళు కావాలి. దీర్ఘానికి ఒక అంకె, గుడికి ఒకటి, కొమ్ముకు ఒకటి, పొల్లుకు ఒకటి అని ఇచ్చి, కలుపుకొనే పని వేరొకరికి వదిలేశారు.

కాశీబుగ్గ అనే పేరు కంప్యూటరు లోపల ఇలా ఉంటుంది:

3093, 3134, 3126, 3136, 3116, 3137, 3095, 3149, 3095.

అంటే కకారం, దీర్ఘం, శకారం, గుడిదీర్ఘం, బకారం, కొమ్ము, గకారం, పొల్లు, మళ్ళీ గకారం. మొత్తం తొమ్మిది. మనం రాసేది మాత్రం కా, శీ, బు, గ్గ అని నాలుగు అక్షరాలు. ‘గ ఒత్తు’ అనే దానికి ఎక్కడా అంకె లేదని గమనించారా? పొల్లు తరవాత గకారం వస్తే రెండవ గకారం మొదటి దానికి ఒత్తుగా మారాలని చదివేవాడే గ్రహించుకోవాలి.

ఇంగ్లీషు రాయడానికి ఈ బాధ లేదు. ఒక అంకెకు ఒక అక్షరం. ఒకటి గీయి, కుడివైపు జరుగు, ఇంకొకటి గీయి. పటాలు గీసే సాఫ్ట్‌వేరు పుట్టిననాటి నుంచీ అలవాటు పడిన పని ఇదే. ఆ పద్ధతిలోనే మన పేరు రాయబోతే శకారం మీది తలకట్టు పోదు, గుడిదీర్ఘం దాని పక్కన ఎక్కడో తేలుతుంది. పొల్లు విడిగా నిలబడుతుంది. ‘బుగ్గ’ కాస్తా ‘బుగ్‌గ’ కన్నా అన్యాయంగా తయారవుతుంది. వజ్రపుకొత్తూరు సంగతి చెప్పనే అక్కర్లేదు. మందస వారు మాత్రం అదృష్టవంతులు. మకారం, సున్న, దకారం, సకారం వరసగా పేర్చేస్తే చాలు, కలపవలసింది ఏమీ లేదు. ఆ పేరు పాత పద్ధతిలోనూ చక్కగా పడుతుంది!

కంపోజిటరు చేసిన పని

సీసపు అచ్చులతో పుస్తకాలు అచ్చువేసిన కాలంలో ఈ పని కంపోజిటరు చేసేవాడు. రాతప్రతి చూసి, ఏ గుణింతానికి ఏ అచ్చు తీయాలో, ఏ ఒత్తు ఎక్కడ తగిలించాలో అతనికి చేతివేళ్ళ మీద ఉండేది. కంప్యూటరులో ఆ కంపోజిటరు స్థానాన్ని ఒక ప్రత్యేకమైన ప్రోగ్రాము తీసుకుంది. అటువంటి వాటిలో ప్రసిద్ధమైనది హర్ఫ్‌బజ్. పారశీక భాషలో ‘హర్ఫ్’ అంటే అక్షరం, ‘బాజ్’ అంటే తెరిచినది. దాన్నిబట్టి వచ్చిన పేరు. ఆండ్రాయిడ్ ఫోనులో మీరు తెలుగు చదవగలుగుతున్నారంటే, తెర వెనక అక్షరాలు కూర్చేది ఇదే.

అది చేసే పని చూడండి. ముందు అంకెల వరసను అక్షరాలుగా విడగొడుతుంది. ‘కొత్తూరు’లో నడిమి అక్షరం తీసుకుందాం. లోపల అది తకారం, పొల్లు, తకారం, కొమ్ముదీర్ఘం అని ఉంటుంది. కొమ్ముదీర్ఘం అన్నిటికన్నా చివర, రెండవ తకారం తరవాత ఉంది. మనం రాసేటప్పుడు మాత్రం కొమ్ముదీర్ఘం పైనున్న తకారానికి తగిలిస్తాం, రెండవ తకారాన్ని ఒత్తుగా కిందికి దించుతాం. కాబట్టి వరస మార్చాలి. తరవాత ఫాంటు లోపల రాసి ఉన్న నియమాల పట్టీ చూస్తుంది. ‘పొల్లు, తకారం కలిసి వస్తే ఈ ఒత్తు రూపం వాడు’, ‘తకారానికి కొమ్ముదీర్ఘం వస్తే ఈ రూపం వాడు’ అని అందులో ఉంటుంది. రూపాలు తేలాక, ఏది ఎంత కిందికి, ఎంత పక్కకు జరపాలో కొలతలు తీస్తుంది. ‘వజ్ర’లో క్రావడి జకారాన్ని కింది నుంచి చుట్టుకొని రావాలి. అదీ ఈ కొలతల పుణ్యమే.

మ్యాప్‌సర్వర్ 7.0 కూర్పులో పేర్లు రాసే విభాగాన్ని మొత్తం తిరగరాసి, హర్ఫ్‌బజ్‌ను అందులో చేర్చారు. పైపైన అతికించకుండా తిరగరాయడమెందుకు అంటే, పటం మీద రాయడం కాగితం మీద రాయడం లాంటిది కాదు కాబట్టి. కాగితం మీద ఒక వరస తరవాత ఇంకో వరస. పటం మీద వందల పేర్లు చోటు కోసం పోటీ పడతాయి. ఉద్దానంలో ఊళ్ళు ఎంత దగ్గరదగ్గరగా ఉంటాయో మీకు తెలుసు. ఒక పేరు మీద ఇంకో పేరు పడకూడదు. పడితే రెండిటిలో ఒకటి పక్కకు జరగాలి, లేదా మానెయ్యాలి. ఆ నిర్ణయం తీసుకోవాలంటే ప్రతి పేరూ ఎంత పొడవు, ఎంత ఎత్తు ఆక్రమిస్తుందో ముందే తెలియాలి. తొమ్మిది ముక్కలను పక్కపక్కన పేరిస్తే వచ్చే పొడవు వేరు, కూర్చిన నాలుగు అక్షరాల పొడవు వేరు. తెలుగులో ఒత్తులు కిందికి వేలాడతాయి గనుక ఎత్తు కూడా మారుతుంది. కాబట్టి ముందు కూర్పు, తరవాత కొలత, ఆ తరవాత చోటు వెతకడం అనే వరసలో పని జరగాలి. చివర్లో అక్షరాలను చక్కదిద్దుదామంటే కుదరదు.

నదుల పేర్లు చూడండి. నది వంపు వెంబడే పేరు కూడా వంపు తిరిగి ఉంటే అందం. మహేంద్రతనయ అన్న పేరును అలా వంచేటప్పుడు ‘ద్ర’ను దకారంగా, క్రావడిగా విడదీసి తిప్పితే పేరు చెదిరిపోతుంది. అక్షరం మొత్తాన్ని ఒక ముక్కగా తిప్పాలి. పేరులో అంకెలు పది, తిప్పవలసిన ముక్కలు ఆరే.

ఇంకొక సౌకర్యం మన సరిహద్దు ప్రాంతానికి బాగా పనికివచ్చేది. ఒక పేరు రాయడానికి ఒకటికి మించి ఫాంట్లు వరసగా చెప్పవచ్చు. మొదటి ఫాంటులో ఆ అక్షరం లేకపోతే రెండవదానిలో వెతుకుతుంది. ఇచ్ఛాపురం దాటితే ఒడిశా. తెలుగు ఫాంటులో ఒడియా అక్షరాలు లేకపోతే, ఇంకో ఫాంటు చెప్పని పక్షంలో, అక్కడి ఊళ్ళ పేర్లకు బదులు ఖాళీ డబ్బాలు వరసగా పడతాయి.

వేడి పటం

అదే 7.0 కూర్పులో వచ్చిన ఇంకో సంగతి కూడా మన ప్రాంతానికి దగ్గరదే. దాన్ని వేడి పటం అంటారు. వాతావరణంతో దీనికి సంబంధం లేదు. బ్లాటింగు కాగితం మీద సిరా చుక్క వేస్తే నడుమ చిక్కగా, అంచుల్లో పలుచగా పాకుతుంది గదా. పటం మీద ప్రతి బిందువునూ అలాంటి చుక్కగా మార్చి, చుక్కలు ఒకదానిపై ఒకటి పడినచోట చిక్కదనాన్ని కూడుతుంది. మొత్తం ఎక్కువైన చోట ఎరుపు, తక్కువైన చోట నీలం ఇలా మనం చెప్పిన రంగులు వేస్తుంది. వందలాది బిందువులు చూసి కళ్ళు తిరిగేచోట, వేడి పటం ఒక్క చూపులో విషయం చెబుతుంది.

ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి మీకు చెప్పాలా? ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో ఆ బాధ ఎరగని ఊరు తక్కువ. పరిశోధకులు ఎందరో వచ్చారు గాని, ఇదీ కారణమని ఇప్పటికీ తేలలేదు. జబ్బు ఎక్కడ ఎక్కువో, ఎక్కడ తక్కువో పటం మీద చూడడం ఇటువంటి వెతుకులాటలో ముఖ్యమైన మెట్టు. 1854లో లండనులో కలరా వచ్చినప్పుడు జాన్ స్నో అనే వైద్యుడు చనిపోయినవారి ఇళ్ళను పటం మీద గుర్తించి, బ్రాడ్ వీధిలోని నీటి పంపు చుట్టూ అవి గుమిగూడినట్టు చూపాడు.

అయితే వేడి పటాన్ని చూసి వెంటనే నమ్మకూడదు. రోగులున్న ప్రతి ఇంటికీ ఒక బిందువు పెట్టామనుకోండి. పటంలో ఎర్రగా కనబడేది ఏమిటి? జనం ఎక్కువగా ఉన్నచోటు! పదివేలమందిలో వందమంది రోగులున్న పట్టణం, అయిదువందలమందిలో ఏభైమంది ఉన్న పల్లె కన్నా ఎర్రగా కనబడుతుంది. నిజానికి పట్టణంలో నూటికి ఒకరు, పల్లెలో నూటికి పదిమంది. అసలు ప్రమాదం పల్లెలో ఉంటే పటం మన చూపును పట్టణం వైపు తిప్పుతుంది. జనాభాతో భాగించి గీసినప్పుడే పటం పనికివస్తుంది. సిరా చుక్క ఎంత దూరం పాకాలో చెప్పేది కూడా మనమే. ఎక్కువ పాకనిస్తే పక్కపక్క ఊళ్ళన్నీ కలిసి ఒకే మచ్చ అవుతాయి, తక్కువైతే మళ్ళీ విడి బిందువులే. సాఫ్ట్‌వేరుకు ఇవేమీ తెలియవు. అడిగినది గీస్తుంది, అంతే. ఈ సౌకర్యం అంత సులువుగా చేతికి రావడం నాకైతే కొంచెం భయంగానే ఉంటుంది.

పేరు ఎవరు ఇవ్వాలి?

2022లో వచ్చిన 8.0 కూర్పులో పటం బొమ్మకు బదులు దాని వెనకనున్న సమాచారాన్ని కొత్త ప్రమాణంలో అడిగి తీసుకొనే ఏర్పాటు వచ్చింది. భద్రత కోసం ఏ పటాలను ఎక్కడి నుంచి తెరవవచ్చో ముందే ఒక ఫైలులో రాసిపెట్టాలన్న నియమం కూడా చేర్చారు. ఇవి సర్వరు నడిపేవారికి ముఖ్యం, మనకు అంత కాదు.

కొత్త కూర్పు విడుదలైనంత మాత్రాన లోకంలోని పటాలన్నీ మారవు. ప్రతి సర్వరులోనూ ఎవరో ఒకరు దాన్ని ఎక్కించాలి. తోడు ప్రోగ్రాములు చేర్చాలి. తెలుగు ఫాంటు పెట్టాలి. ఆ తరవాత కూడా ఊళ్ళ ఫైలులో తెలుగు పేరు ఉంటేనే అది కనబడుతుంది. చాలా ఫైళ్ళలో ఇంగ్లీషు పేరు ఒక్కటే ఉంటుంది. తకారమో టకారమో తేల్చుకోలేని యంత్రం దాన్ని తెలుగులోకి మారిస్తే, ‘కవితి’ లాంటివి పుట్టుకొస్తాయి. యంత్రానికి రాయడం వచ్చింది గాని, ఊరి పేరు ఏమిటో ఊరివాళ్ళే చెప్పాలి. 2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ప్రపంచ పటంలో ప్రతి ఊరికీ మామూలు పేరుతోపాటు తెలుగు పేరు రాయడానికి వేరే గడి ఉంది. ఎవరైనా నమోదు చేసుకొని నింపవచ్చు. మీ ఊరికి ఆ గడి ఖాళీగా ఉందేమో చూడండి. నింపేముందు మాత్రం గ్రామ సచివాలయం బోర్డు మీద ఎలా రాశారో, పెద్దలు ఎలా పలుకుతారో రెండూ విచారించండి. ఒక్కొక్కచోట ఆ రెండూ కలవవు.

ఈలోగా చిన్న లెక్క. పైన కాశీబుగ్గకు చేసినట్టే మీ ఊరి పేరు కంప్యూటరు లోపల ఎన్ని అంకెలవుతుందో లెక్కించండి. ఒత్తు ఉన్నప్పుడల్లా పొల్లును విడిగా ఒకటిగా లెక్కపెట్టాలి. అకారానికి గుర్తు లేదు కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. పలాసకు 4, సోంపేటకు 6, టెక్కలికి 7, ఇచ్ఛాపురానికి 9, శ్రీకాకుళానికి 10 వస్తాయి. వజ్రపుకొత్తూరుకు 14 వస్తే మీరు సరిగ్గా లెక్కించినట్టే.